నాలుగింటి గ్లాసు

మా బీరు తయారయ్యే గదికీ అమ్మ ఇస్త్రీ గదికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడలో నాన్న, నేను పుట్టకముందే, ఒక చిన్న కిటికీ కొట్టించాడు. అందులోంచి మనిషి తల పట్టదు. ఒక గ్లాసు పడుతుంది, మడతపెట్టిన చొక్కాల దొంతర ఒకటి పడుతుంది, అంతే. అటునుంచి గంజి వాసనా, తడిబట్ట మీద వేడి పెట్టె ఆనించినప్పుడు లేచే ఆవిరీ మా వైపు వచ్చేవి. ఇటునుంచి ఉడుకుతున్న బార్లీ వాసన అమ్మ వైపు వెళ్ళేది. మా వీధిలో సగంమంది చొక్కాలు బార్లీ వాసన వేసేవి. ఎవరూ ఏమీ అనలేదు. అన్నా అమ్మ చెవిన వేసుకునే రకం కాదు.

సాయంత్రం నాలుగింటికి అమ్మ ఆ కిటికీ తలుపు మీద వేలితో రెండుసార్లు కొట్టేది. నాన్న ఎంత పనిలో ఉన్నా చేతులు తుడుచుకుని, ఒక గ్లాసు నల్లబీరు పట్టి కిటికీలో పెట్టేవాడు. అమ్మ నిలబడే తాగేది. తాగి, ఖాళీ గ్లాసు కిటికీలో పెట్టి, మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకునేది. ఆరున్నర దాకా ఇంకో పాతిక చొక్కాలు. నేనూ తమ్ముడూ కడుపులో ఉన్న నెలల్లో మాత్రం ఆ గ్లాసులో నిమ్మరసం వచ్చేదట. నల్లది తాగితే కడుపులో బిడ్డకి బలమని వీధిలో పెద్దవాళ్ళు ఎంత చెప్పినా నాన్న ఒప్పుకోలేదట. అవి తప్పిస్తే నాలుగింటి గ్లాసు ఆగిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇప్పుడు ఆ గ్లాసు పెట్టేది నేను. అది పెట్టడంలో నేను చేసిన ఘనకార్యమే ఈ కథ. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఊరంతా అంటారు. ఒప్పుకుంటాను. కానీ ఈ కథలో కోప్పడటానికి నాకు నేను తప్ప ఎవరూ దొరకలేదు.

నాన్న చేసేవి రెండే రకాలు. పేర్లు పెట్టే ఓపిక ఆయనకి లేదు. ఒకటి నల్లది, ఇంకోటి పసుపుది. నల్లది డికాక్షన్ రంగులో ఉండి, పైన వేలెడు మందాన మీగడలాంటి నురగ కట్టేది. పసుపుది గ్లాసులోంచి అవతలి మనిషి కనబడేంత తేటగా ఉండేది. ఇక మా దగ్గరికొచ్చే జనం మాటలు వినాలి.

"నల్లదా? బాబోయ్, అది తాగితే ఇంక భోజనం అక్కర్లేదు," అనేవాడు పోస్ట్‌మాన్.

"చలికాలంలో అయితే సరే, ఈ ఎండల్లో అంత బరువు ఎవరు మోస్తారండీ," అనేవారు లెక్కల మేష్టారు.

డాక్టరుగారు అందరికంటే రెండాకులు ఎక్కువ చదివినవారు కదా, "పొట్టలో రాయిలా కూర్చుంటుందండీ అది," అని పొట్ట నిమిరి మరీ చెప్పేవారు. అలా చెబుతూనే ముగ్గురూ 'మాకు తేలికది చాలు' అని పసుపుది తెప్పించుకునేవాళ్ళు. రెండో గ్లాసు సగానికి రాకముందే మేష్టారికి కూడికలు తప్పేవి.

ఇది వింటే నాన్నకి ఒళ్ళు మండేది. ఆ కోపమే నాకొచ్చిందని అమ్మ అంటుంది.

"ఒరే నాయనా," అనేవాడు పోస్ట్‌మాన్ భుజం మీద చెయ్యేసి, "పది బస్తాల బార్లీలో తొమ్మిది మామూలివేరా. ఒక్క బస్తానే మాడుస్తాను. ఆ ఒక్కదాని రంగే మొత్తానికి పాకుతుంది. చారెడు కాఫీపొడి వేస్తే బిందెడు నీళ్ళు నల్లగా అవుతాయి. అంతమాత్రాన బిందె బరువెక్కిందా?"

"మరి నోట్లో అంత చిక్కగా ఉంటుందేంటండీ?"

"అది గాలి చేసే పని. మామూలు బీరులో బుడగలు పెద్దవి, నాలుక మీద చురుక్కుమంటాయి. నల్లదానికి నేను పట్టించే గాలి వేరు, నైట్రోజన్ ఎక్కువ. ఆ బుడగలు పిండిలా సన్నగా ఉంటాయి. దాన్ని నీ నాలుక మీగడ అనుకుంటుంది. ఏం చేస్తాం, అదీ నీలాగే ఒట్టి అమాయకురాలు."

ఆయన దగ్గర ఒక గాజుగొట్టం ఉండేది. అడుగున సీసపు గుళ్ళు, పైన సన్నటి కాడ, కాడ మీద గీతలు. బీరు ఎంత చిక్కగా ఉంటే ఆ గొట్టం అంత పైకి తేలుతుంది. పసుపుదానిలో వేస్తే తేలి నిలబడేది. నల్లదానిలో వేస్తే ఇంకాస్త లోపలికి దిగేది. "చూశారా, ఏది పలచనో?" అని నాన్న గెలిచినట్టు చూసేవాడు. ముగ్గురూ గుడ్లప్పగించి చూసి, బాగా తలలూపి, తలో పసుపుదీ తెమ్మనేవాళ్ళు.

అప్పుడు పుట్టింది గంతల రోజు. ఏటా, మా చోటు తెరిచిన తేదీన, మధ్యాహ్నం మూడింటికి రోజూ వచ్చేవాళ్ళందరినీ నాన్న బల్ల ముందు వరసగా కూర్చోబెట్టేవాడు. అమ్మ పక్కగదిలోంచి ఇస్త్రీ చేసిన తెల్ల రుమాళ్ళు తెచ్చి ఒక్కొక్కరి కళ్ళకీ కట్టేది. వేడి ఇంకా ఆరని రుమాలు కళ్ళ మీద పడితే మేష్టారు "ఆహా" అనేవారు. ఆయన బీరు కంటే దానికోసమే వచ్చేవారని నా అనుమానం. తర్వాత ఒక్కొక్కరి ముందూ మూడు చిన్న గ్లాసులు. ఒకటి మామూలు నల్లది. రెండోది అదే నల్లది, కాకపోతే పెద్ద బుడగల కుళాయిలోంచి పట్టినది. మూడోది పసుపుది. తాగి, బరువైనది ఏదో వేలితో చూపించాలి.

ఏ ఏడూ తప్పలేదు. వేళ్ళన్నీ పసుపుదాని మీదే వాలేవి. రెండో గ్లాసు రుచి చూసిన పోస్ట్‌మాన్ ప్రతి ఏడూ ఒకే మాట అనేవాడు: "ఇదేదో కొత్త రకంలా ఉందండీ, తేలిగ్గా, గొంతులో గలగలా దిగిపోతోంది. ఇది రోజూ ఎందుకివ్వరు?" గంతలు విప్పాక గ్లాసులు చూసుకుని అందరూ నోళ్ళు వెళ్ళబెట్టేవాళ్ళు. ఆ నవ్వులు వీధి చివరి దాకా వినబడేవి. మర్నాడు మళ్ళీ మామూలే. "నల్లదా? బాబోయ్."

నాన్న తల పట్టుకునేవాడు. అమ్మ మాత్రం రుమాళ్ళు ఏరుకుంటూ, "పోనివ్వండి. వాళ్ళు మారితే వచ్చే ఏడాది మీకు తోచద్దూ?" అనేది.

ఆ పరీక్ష ఇంట్లోవాళ్ళకి ఉండేది కాదు. అమ్మ గంతలు కట్టే మనిషి, నేను గ్లాసులు పట్టే మనిషిని, తమ్ముడు పీపాలు దొర్లించే మనిషి. మాకు అన్నీ తెలుసు కదా, మాకెందుకు పరీక్ష? ఇదిగో, సరిగ్గా ఇక్కడే నేను పప్పులో కాలేశాను.

అయిదేళ్ళ కిందట మోకాళ్ళు మొరాయించడంతో నాన్న పని నాకప్పగించాడు. అయినా నాలుగింటి గ్లాసు మాత్రం ఆయనే పట్టేవాడు. కర్ర పట్టుకుని, కుంటుకుంటూ, కుళాయి దాకా వెళ్ళి పట్టి తెచ్చేవాడు. నిరుడు పోయాడు. పోయిన పదకొండో రోజో పన్నెండో రోజో, సరిగ్గా నాలుగింటికి, కిటికీ తలుపు మీద రెండుసార్లు చప్పుడైంది. అలవాటు కొద్దీ కొట్టి ఉంటుంది అమ్మ. నేను నల్లది పట్టి కిటికీలో పెట్టాను. అమ్మ గ్లాసు అందుకుంటూ నా చెయ్యి చూసింది. ఒక్క క్షణమే. కానీ అది నాన్న చెయ్యి కాదని మా ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. 

ఓ నెల తర్వాత డాక్టరుగారు అమ్మని పరీక్ష చేశారు. రక్తపోటు కాస్త ఎక్కువుంది, ఒళ్ళు కూడా వచ్చింది. మందులు రాసి, సాయంత్రం మా దగ్గరికొచ్చి, తన పసుపు గ్లాసు చేత్తో పట్టుకుని నాకు చెప్పారు.

"అమ్మాయ్, బరువైనవన్నీ తగ్గించాలి మీ అమ్మగారు. నూనెలూ, తీపీ, అన్నీ. ముందు ఆ నల్లది మానిపించు. అసలు మానేస్తే మరీ మంచిది. మానలేకపోతే ఇదిగో, ఇలాంటి తేలికది ఒక్క గ్లాసు ఇవ్వు, చాలు."

ఆయన ఆ మాట అంటున్నప్పుడు, ఆయన తలకి సరిగ్గా వెనక, గోడ మీద నల్లబల్ల ఉంది. దాని మీద పొద్దున్నే నా చేత్తో నేనే రాశాను: ఆల్కహాల్ నల్లదానిలో నాలుగు శాతం, పసుపుదానిలో ఏడున్నర శాతం. రోజూ రాస్తాను. తుడిచి మళ్ళీ రాస్తాను. ఆ రోజు నా కళ్ళకి డాక్టరుగారి మాటే కనబడింది, నా రాత కనబడలేదు.

అబద్ధమెందుకు, ఇంకో సంగతి కూడా ఉంది. నల్లది పట్టి ఆ కిటికీలో పెట్టిన ప్రతిసారీ నాకు ఏడుపొచ్చేది. మార్చడానికో సాకు దొరికింది, మార్చేశాను. అమ్మ మంచికోసమేనని నాకు నేను నచ్చజెప్పుకున్నాను.

మర్నాడు నాలుగింటికి కిటికీలో పసుపుది చూసి అమ్మ, "ఇదేంటే?" అంది.

"డాక్టరుగారు తేలికది తాగమన్నారమ్మా."

అమ్మ నిలబడి, అదే గ్లాసు నిండా తాగింది.

వారం తిరక్కుండానే ఒకసారి అంది: "తల కాస్త దిమ్ముగా ఉంటోందే, ఇది తాగాక."

"నల్లదైతే ఇంకా బరువుగా ఉండేదమ్మా," అన్నాను. అప్పుడు పీపాలు కడుగుతున్నాను, వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

"అంతేనంటావా," అంది అమ్మ.

ఆ తర్వాత మొదట కాలింది మేష్టారి చొక్కా కాలరు. నలభై ఏళ్ళలో అమ్మ చేతిలో బట్ట కాలడం ఎవరూ చూడలేదు. మేష్టారు పెద్దమనిషి, కాలరు మడిచి వేసుకుంటానన్నారు. రెండు వారాల తర్వాత బడిపిల్ల గౌను. తర్వాత బ్యాండులో వాయించే ఒకాయన నల్ల ప్యాంటు, మోకాలి దగ్గర అద్దంలా మెరిసిపోయింది. తమ్ముడు ఒక సాయంత్రం కంగారుగా వచ్చాడు.

"అక్కా, అమ్మ నిలబడే కునుకు తీస్తోందే. పెట్టె చేతిలోనే ఉంది. ఏదో ఒకరోజు చెయ్యి కాల్చుకుంటుంది."

"వయసు, బెంగ, రెండూ కలిశాయిరా," అన్నాను నేను, అన్నీ తెలిసినదానిలా.

ఇద్దరం కలిసి అమ్మకి ఎంతో మెత్తగా చెప్పాం, ఇస్త్రీ కొట్టు మూసేద్దామని. ఒంటికాలి మీద లేచింది. "ఆ బల్ల ముందు నిలబడకపోతే నేను పొద్దున్నే దేనికి లేవాలి? మీ మొహాలు చూస్తూ కూర్చోనా?" అంది.  అది ఉత్త కోపం కాదు. నాన్న పోయాక అమ్మని నిలబెట్టింది మేం కాదు, ఆ బల్లే. ఆ సంగతి మాకూ తెలుసు.

కానీ తర్వాత చొక్కా కాలింది.

నాన్న బట్టలన్నీ ఇచ్చేశాం, ఒక్క తెల్ల చొక్కా తప్ప. అది అమ్మ ఇవ్వనంది. శనివారం శనివారం, వారం పనంతా అయ్యాక, ఆరింటికి, ఆ చొక్కా తీసి నీళ్ళు చిలకరించి ఇస్త్రీ చేసేది. ముందు కాలరు, తర్వాత చేతులు, తర్వాత వీపు. మడిచి మళ్ళీ అరలో పెట్టేది. వేసుకునేవాళ్ళు లేని చొక్కా నలిగేదెలా అని తమ్ముడు ఒకసారి అడగబోతే నేను వాడి కాలు తొక్కాను.

ఆ శనివారం కిటికీలోంచి కాలిన వాసన వచ్చింది. బార్లీ మాడ్చే వాసనతో పెరిగినదాన్ని, ఇది అది కాదని ముక్కుకి వెంటనే తెలిసింది. చుట్టూ తిరిగి పరిగెత్తాను. అమ్మ స్టూలు మీద కూర్చుని ఉంది. పెట్టె నిలబెట్టి ఉంది. బల్ల మీద చొక్కా బోర్లా పరిచి ఉంది. వీపు నడిమధ్య ఇస్త్రీపెట్టె అచ్చు, ముదురు గోధుమరంగులో.

అమ్మ ఏడవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటిని అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది.

"నువ్వు చెప్పింది నిజమేనే. ఈ చేతులు ఇంక పనికిరావు," అంది. "నెలాఖరుకి మూసేద్దాం."

గెలిచానని సంతోషించాలి కదా నేను. అలా ఓడిపోయిన అమ్మని చూడటం నా వల్ల కాలేదు. మర్నాడు తమ్ముడు అట్టముక్క మీద 'ఈ నెలాఖరు నుంచి ఇస్త్రీ ఉండదు' అని రాసి తలుపుకి తగిలించాడు. వీధిలో అందరూ ఆగి చదివి, ఎవరో పోయినట్టు తలలు వంచుకుని వెళ్ళారు.

నెలాఖరుకి నాలుగు రోజుల ముందు గంతల రోజు వచ్చింది. నాన్న లేకుండా మొదటిది. వద్దనుకున్నాను. కానీ రిటైరై పదేళ్ళయిన పోస్ట్‌మాన్ మూడింటికల్లా తన పాత సంచీ భుజాన వేసుకుని మరీ వచ్చి కూర్చున్నాడు. మేష్టారొచ్చారు. డాక్టరుగారొచ్చారు. ఇంకో నలుగురైదుగురు వచ్చారు. అందరూ కుళాయి పక్కన ఖాళీగా ఉన్న నాన్న కుర్చీ వైపు చూడకుండా జాగ్రత్తపడుతూ, ఎప్పుడూ లేనంత గట్టిగా మాట్లాడుకుంటున్నారు.

అమ్మ రుమాళ్ళు తెచ్చింది. ఈసారి అవి పాత రుమాళ్ళు కావు. మెత్తటి తెల్ల గుడ్డ, అంచులు చిన్న చిన్న కుట్లతో మడిచి ఉన్నాయి. ఒకదానికి గుండీ కాజా ఇంకా అలాగే ఉంది. నేను దాన్ని పట్టుకుని నిలబడిపోయాను.

"కాలింది వీపే కదా. మిగతా అంతా బానే ఉంది," అంది అమ్మ మెల్లిగా. "ఎనిమిదొచ్చాయి. ఆయన పండగే కదా ఇది, ఆయన చొక్కాయే రానీ."

ఒక్కొక్కరికీ కట్టింది. మేష్టారు వేడి గుడ్డ తగలగానే అలవాటుగా "ఆహా" అన్నారు. నేను గ్లాసులు పెట్టాను. తాగారు. వేళ్ళన్నీ పసుపుదాని మీద వాలాయి, డాక్టరుగారి వేలు అందరికంటే ముందు. "ఇదే, సందేహం లేదు, ఇదే బరువు," అన్నారాయన. పోస్ట్‌మాన్ రెండో గ్లాసు ఎత్తి, "ఇదేదో కొత్త రకం..." అని మొదలుపెట్టాడు. అందరూ కడుపుబ్బ నవ్వారు. నవ్వుతూనే మేష్టారు గంత విప్పి కళ్ళు తుడుచుకున్నారు.

అప్పుడు పోస్ట్‌మాన్ అన్నాడు: "అమ్మగారూ, ఇన్నేళ్ళూ మా కళ్ళు మీరే కట్టారు. కొట్టు కూడా మూసేస్తున్నారట. ఈ ఒక్కసారి మీరు కూర్చోండి. మీ కళ్ళు అమ్మాయిగారు కడతారు."

"నాకెందుకయ్యా, నాకు తెలుసుగా," అంది అమ్మ. కానీ కూర్చుంది. అందరూ పట్టుబట్టారు మరి. నేను గుండీ కాజా ఉన్న గుడ్డ తీసుకుని వెనక ముడి వేశాను. అమ్మ జుట్టు అంత పలచబడిందని నాకప్పుడే తెలిసింది. ముందర రెండు చిన్న గ్లాసులు పెట్టాను, ఒకటి నల్లది, ఒకటి పసుపుది.

మొదటిది ఎత్తి ఒక గుక్క తాగింది. ఆగింది. మళ్ళీ ఇంకో గుక్క.

"ఇది మీ నాన్నది," అంది. "ఎన్నాళ్ళయిందే ఇది తాగి."

రెండోది పెదవికి ఆనించి, ఒక్క గుక్క తాగి, గ్లాసుని పక్కకి జరిపేసింది.

"ఇది నువ్వు రోజూ ఇచ్చేది. ఇదే బరువు. తాగిన అరగంటకి నేరుగా చేతుల్లోకి దిగుతుంది. ఆపైన ఈ చేతులు నా మాట వినవు."

"అబ్బో, అమ్మగారూ మనలాగే చెప్పారు!" అని ఎవరో చప్పట్లు కొట్టారు. అందరూ నవ్వారు. నేను తలెత్తి గోడ మీది నల్లబల్ల చూశాను. నా రాతే. నాలుగు. ఏడున్నర. అదే గ్లాసు, అదే నిండు, ఇంచుమించు రెండింతలు. బట్టలన్నీ నాలుగు దాటాకే కాలాయి. కాలరూ, గౌనూ, ప్యాంటూ, నాన్న చొక్కా, అన్నీ. ఆ రక్తపోటుకి, ఆ ఒంటికి కూడా నేను రోజూ ఇచ్చింది రెండింతలే. వేడి ఇస్త్రీపెట్టె చేతిలో ఉన్న మనిషికి మూడు నెలలపాటు 'తేలికది' అంటూ నేను పట్టింది ఇదన్నమాట.

డాక్టరుగారు కూడా నవ్వడం ఆపేశారు. చేతిలో ఉన్న గ్లాసు వంకా నల్లబల్ల వంకా చూసి, "అమ్మాయ్..." అని గ్లాసు కింద పెట్టేశారు.

అందరూ వెళ్ళాక అమ్మ గదిలోకి వెళ్ళాను. మడతలు పెడుతోంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక మొత్తం ఒక్క ఊపిరిలో చెప్పేశాను. నీ చేతులకేం కాలేదమ్మా, వయసు కాదు, బెంగా కాదు, నేనే, నా వల్లే, నాన్న చొక్కా కాల్చింది నేనే అని. చెబుతూ భోరున ఏడ్చాను. నలభై రెండేళ్ళ మనిషిని.

అమ్మ విని, ముందు తన చేతులు చూసుకుంది. తర్వాత నా వైపు చూసింది.

"మొదట్లో మీ నాన్న చేసింది పసుపుదొక్కటే," అంది. "పెళ్ళయిన కొత్తలో అది ఒక గ్లాసు తాగి ఒకాయన కోటు కాల్చాను. పెళ్ళికొడుకు కోటు! మీ నాన్న ఊరంతా తిరిగి ఇంకో కోటు ఎరువు తెచ్చిపెట్టాడు. తర్వాత నా కోసమని ఘాటు తగ్గించి ఇంకోటి చేశాడు. ఛీ, నీళ్ళలా ఉంది, నేను తాగనన్నాను. అప్పుడు బార్లీ కాస్త మాడ్చి వేశాడు, రుచికి. ఆ నురగ వచ్చే కుళాయి కూడా తర్వాత నా కోసం పెట్టిందే. నేను తాగి మళ్ళీ పెట్టె పట్టుకోవాలని, అంతే. అమ్మడానికి చేసింది కాదది."

ఇన్నేళ్ళు ఆ బీరు చేస్తున్నాను. కొలతలన్నీ కంఠతా వచ్చు. ఎవరికోసం చేసిందో మాత్రం నాకు తెలీదు.

"ఇంత తెలిసి నాకెందుకు చెప్పలేదమ్మా? తల దిమ్ముగా ఉందన్నావు, నల్లది కావాలని ఎందుకు అడగలేదు?"

"ఆయన పోయాక నువ్వేం మార్చావో నాకేం తెలుసే? నల్లది ఇంకా బరువన్నావు. బరువుగా చేస్తున్నావేమో అనుకున్నాను." ఇంకో మడత వేసి, "నీ పనిలో వంకలు పెడితే నువ్వు ఇంతెత్తున లేస్తావుగా," అంది.

లేస్తాను మరి, నిజమే.

"మొహం కడుక్కో," అంది అమ్మ. "ఆ అట్టముక్క పీకేయమను మీ తమ్ముణ్ణి."

మర్నాడు నాలుగింటికి కిటికీ తలుపు మీద రెండుసార్లు చప్పుడైంది. నల్లది పట్టాను. నురగ వేలెడు మందాన నిలిచే దాకా ఆగి, కిటికీలో పెట్టాను. ఏడుపొచ్చింది, అయినా పెట్టాను. అమ్మ నిలబడి తాగింది. తాగి పెట్టె అందుకుంది. నేను పని మానేసి, ఆ కిటికీకి చెంప ఆనించి, ఆరున్నర దాకా చూశాను. ఇరవై మూడు చొక్కాలు, రెండు దుప్పట్లు. ఒక్క మరక లేదు.

డాక్టరుగారు ఇప్పుడు నల్లదే తాగుతారు, అదీ సగం గ్లాసే. అమ్మ గ్లాసు కూడా ఆయన సగానికి తగ్గించమన్నారు. అమ్మ ముప్పావు దగ్గర బేరం తెగ్గొట్టింది. పోస్ట్‌మాన్ మాత్రం మారలేదు. "నల్లదా? బాబోయ్."

ఆ శనివారం ఆరింటికి నాకు భయం పట్టుకుంది. వారం పనంతా అయిపోయింది. ఇస్త్రీ చెయ్యడానికి ఇంక ఆ చొక్కా లేదు. అమ్మ ఆ వేళకి ఏం చేస్తుందోనని కిటికీ దగ్గరే తచ్చాడాను. అమ్మ అర తెరిచి, ఎనిమిది తెల్ల ముక్కలు తీసి బల్ల మీద పెట్టింది. నీళ్ళు చిలకరించింది. ఒక్కొక్కటీ పరిచి, అంచుల వెంట పెట్టె నడిపి, నాలుగు మడతలు పెట్టింది. తర్వాత దొంతరంతా కిటికీలోంచి నా చేతిలో పెట్టింది. వేడిగా ఉన్నాయి.

"జాగ్రత్తగా దాచు," అంది. "వచ్చే ఏడాది మొదటిది నీ కళ్ళకే కడతాను."